కాలర్ లేని గౌను

కుట్టుపనిలో చేయి తిరిగిన మనిషిని గుర్తుపట్టాలంటే ముందు కాలర్ చూడాలి. చేతులు, జేబులు, అంచులు ఎవరైనా ఎలాగో ఒకలా లాక్కొస్తారు. కాలర్ దగ్గరికి వచ్చేసరికి బండారం బయటపడుతుంది. రెండు మొనలూ ఒకే కొలతలో రావాలి. మెడ చుట్టూ మడత ఎక్కడా ముడుచుకోకూడదు. ఎన్ని ఉతుకులు ఉతికినా తల వంచకూడదు. మా వీధి చివర, మెట్ల కింద గదిలో మిషన్ పెట్టుకున్న ఆవిడ కుట్టిన కాలర్లు అలాంటివి. అందుకే ఆవిడని అందరూ కాలరమ్మ అంటారు. అసలు పేరు కావాలంటే ఇంట్లోవాళ్లు కూడా కాసేపు ఆలోచించి చెప్పాలి.

ఆవిడ ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. పెళ్లయిన కొత్తలో పాత చొక్కాలు తెచ్చి, బ్లేడుతో కుట్లు విప్పి, ముక్కలన్నీ నేలమీద పరిచి, ఏది దేనికి అతికిందో చూసుకుని, మళ్లీ అదే వరసలో కుట్టేది. కుదరకపోతే మళ్లీ విప్పేది. "విప్పడం చేతనైతే కుట్టడం దానంతట అదే వస్తుంది" అనేది. ఆ మిషన్‌కి నూనె వేసేదీ, బెల్టు మార్చేదీ నేనే కాబట్టి ఆ గదిలో జరిగినవి కొన్ని చూశాను, మిగతావి వాళ్ల నోటే విన్నాను.

ఆవిడకి కాలర్ల వల్ల ఎంత పేరొచ్చిందో, లోపాలు కప్పిపెట్టడం వల్ల అంత పేరొచ్చింది. ఒక బడి మాస్టారికి ఎడమ భుజం కొంచెం దిగువ. చొక్కా లోపల ఆ భుజం కింద పల్చటి గుడ్డ మడత పెట్టి కుట్టింది. ఆయన అద్దంలో చూసుకుని, "రోజూ కసరత్తు చేస్తున్నానమ్మా, భుజం దారికొచ్చింది చూశావా" అన్నాడు. "తెలుస్తూనే ఉందండీ" అంది కాలరమ్మ, నోట్లో గుండుసూదులు ఉండటం వల్ల నవ్వు బయటికి రాకుండా ఆగింది. పొట్ట ముందుకొచ్చినవాళ్లకి గుండీల పట్టీ ఎక్కడ పడాలో, మెడ పొట్టిగా ఉన్నవాళ్లకి కాలర్ ఎంత వాలాలో ఆవిడకి కొట్టిన పిండి. "ఒంట్లో లోపం పుట్టించినవాడిది, గుడ్డలో లోపం మనది" అని ఒక సూత్రం పెట్టుకుంది. ఆ సూత్రం చాలాకాలం ఆవిడకి తిండి పెట్టింది. ఒక్కచోట మాత్రం ఎదురు తిరిగింది.

ఆవిడకి ఒక్కతే కూతురు. పేరు పిచ్చుక. నిద్రలో తప్ప నోరు మూయదు, ఒక్కోసారి నిద్రలో కూడా మూయదు. మాటల్లో ఆ పిల్ల నానమ్మ పోలిక. నానమ్మది నోరూ పెద్దదే, మనసూ పెద్దదే, కాకపోతే ఎప్పుడూ నోరే ముందొస్తుంది. ఇక పిల్ల తండ్రి బస్సు డ్రైవరు. అతను ఎంత మితభాషి అంటే, హారన్ కూడా తప్పనిసరైతేనే కొడతాడని ప్రయాణికులు చెప్పుకుంటారు. మొగుడి వాటా మాటలు కూడా అత్తగారే వాడేస్తుందని కాలరమ్మ అనేది.

పిచ్చుక బడికి వెళ్లే ఈడు రాకముందే మెడ మధ్యలో, గడ్డానికి కాస్త కింద, శనగగింజంత ఉబ్బు కనిపించింది. నొక్కితే మెత్తగా ఉండేది. నొప్పి లేదు. పిల్ల గుటక వేస్తే అదీ కొంచెం కదిలేది. స్నానం చేయిస్తూ ముందు నానమ్మే చూసింది.

"ఎదిగే పిల్ల, ఒంట్లో ఏవో వస్తుంటాయి, పోతుంటాయి. దాన్ని అలా గుచ్చి గుచ్చి చూడకు" అంది కోడలితో.

కాలరమ్మ గుచ్చి చూడలేదు. తనకి చేతనైన పని చేసింది. పిల్ల గౌన్లన్నిటికీ ఎత్తు కాలర్లు కుట్టింది. ముందువైపు రెండు గుండ్రటి రేకులు మెడ మధ్యలో కలిసేలా, వెనక గుండీలు వచ్చేలా. ఉబ్బు సరిగ్గా ఆ రేకుల కలయిక వెనక పడేది. చూసినవాళ్లు ముచ్చటపడ్డారు. పక్కింటావిడ తన కూతురికీ అలాంటిదే కావాలంది. ఆ తర్వాత ఎదురింటావిడ. కొన్నాళ్లకి మా వీధిలో ఆడపిల్లలంతా పిచ్చుక కాలర్లే. వేసవిలో మెడలు చెమటకి తడిసిపోతున్నా విప్పేవాళ్లు కారు. ఆ కాలర్ ఎందుకు పుట్టిందో వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

ఒక వానాకాలం పిల్లకి జలుబు చేసింది. దానితోపాటే ఉబ్బు ఎర్రబడి, నిమ్మకాయంత అయింది. జ్వరం వచ్చింది. మందుల షాపు వెనక గదిలో కట్లు కట్టే ఒక పెద్దమనిషి ఉండేవాడు. దెబ్బలకీ, సెగ్గడ్డలకీ వీధి వీధంతా ఆయన దగ్గరికే పోయేది. "గడ్డ పండింది, కాస్త గాటు పెడితే చాలు" అన్నాడు. గాటు పెట్టాడు. చీము పోయింది, జ్వరం దిగింది, మెడ చదునైంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

తర్వాతి జలుబుకి అది మళ్లీ లేచింది. ఈసారి గాటు పడినచోటే చిల్లి పడి, జిగటగా నీరు కారడం మొదలైంది. కొన్నాళ్లు ఆరేది, మళ్లీ కారేది. గౌను మీద మరక పడేది. బళ్లో పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకుందని పిచ్చుక ఇంటికొచ్చి చెప్పింది. ఏడవకుండానే చెప్పింది. కానీ మిగతా మాటల్లా సాగదీయకుండా ఒక్క ముక్కలో చెప్పేసింది.

కాలరమ్మ మిషన్ ముందు కూర్చుంది. కాలర్ లోపల, సరిగ్గా ఆ చిల్లి ఉన్నచోట, అగ్గిపెట్టంత సంచీ కుట్టింది. అందులో ఉతికి ఆరేసిన మెత్తటి నూలుగుడ్డ పట్టేలా, పొద్దున ఒకటి మధ్యాహ్నం ఒకటి మార్చుకునేలా, పిల్ల ఒక్కతే అద్దం లేకుండా చేసుకోగలిగేలా. ఎక్కడా ఉబ్బెత్తు లేదు. బయటనుంచి చూస్తే మామూలు కాలరే. బెల్టు మార్చడానికి వెళ్లినప్పుడు నాకు చూపించింది. తిరగేసి చూశాను, బోర్లించి చూశాను. కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియలేదు. "ఇంత పనితనం నేను చూడలేదమ్మా" అన్నాను. నిజంగానే అన్నాను. ఆ పనితనం మా అందరి కళ్లకీ గంతలు కట్టిందని అప్పుడు నాకూ తోచలేదు.

అలా ఆ కాలర్‌తో రోజులు సాఫీగానే గడిచాయి. మరీ సాఫీగా గడిచాయి.

ఒకరోజు బళ్లో పిల్లలందరికీ ఆరోగ్య పరీక్ష జరిగింది. సాయంత్రం పిచ్చుక సంచీ విసిరేసి మిషన్ పక్కకి వచ్చి నిలబడింది.

"అమ్మా, డాక్టరుగారు నా కళ్లు చూశారు, పళ్లు చూశారు, చెవులు చూశారు. వీపు మీద గొట్టం పెట్టి విన్నారు. నాకు చక్కిలిగింత పెట్టింది."

"మెడ చూశారా?"

"చూశారు. కాలర్ చాలా బాగుందన్నారు. ఎవరు కుట్టారని అడిగారు. మా అమ్మ అన్నాను. వాళ్ల పాపకి కూడా కావాలట, నిన్ను అడగమన్నారు."

కాలరమ్మ పాదం మిషన్ పెడల్ మీదే ఆగిపోయింది. రోగాలు వెతకడానికే వచ్చిన మనిషి మూరెడు దూరంలో నిలబడి కాలర్ చూశాడు, మెడ చూడలేదు. గుండీలు వెనక పెట్టింది తనే. విప్పితే తప్ప కనపడకుండా కుట్టింది తనే. కుడుతున్న చొక్కాని సూది కిందనుంచి తీసేసి, పక్కన పెట్టి, దీపం పెట్టేవేళదాకా అలాగే కూర్చుంది. మర్నాడు గది తలుపుకి తాళం వేసి, పిల్లని పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది.

అక్కడ పిల్లలకి ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఉంది. నెమ్మదిగా మాట్లాడే మనిషి. కాలర్ విప్పమంది. విప్పగానే లోపలి సంచీని వేలితో తడిమింది.

"ఇది ఎవరు కుట్టారు?"

"నేనేనండి."

"మంచి పని. దీని అవసరం లేకుండా చేద్దాం" అని పిల్ల వైపు తిరిగింది. "ఏదీ, నాలుక చాపు. ఇంకా. ఎంతవరకు వస్తుందో అంతా చాపు."

పిచ్చుకకి ఇలాంటి పని పెద్దవాళ్లు చెప్పి చేయించడం అదే మొదటిసారి. ప్రాణం పెట్టి చాపింది. నాలుక ముందుకి వచ్చినకొద్దీ మెడలోని ఉబ్బు తాడు కట్టి లాగినట్టు పైకి లేచింది. కాలరమ్మ ఇన్నేళ్లుగా ఆ మెడని చూస్తోంది, అది అలా లేస్తుందని తెలియదు.

డాక్టరమ్మ ఒక కాగితం మీద మెడ బొమ్మ గీసింది. "మెడలో థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుంది. బిడ్డ కడుపులో తయారయ్యేటప్పుడు అది నాలుక మొదట్లో పుట్టి, కిందికి దిగి, మెడలో కూర్చుంటుంది. అది దిగిన దారి తర్వాత మూసుకుపోవాలి. కొందరిలో పూర్తిగా మూసుకోదు. మిగిలిపోయిన ఆ గొట్టంలో నీరు చేరి తిత్తిలా ఉబ్బుతుంది. పుట్టుకతో వచ్చినదే ఇది. ఎవరి తప్పూ కాదు."

"మరి కోయించాం కదండీ."

"చీము పోయింది. దారి అలాగే ఉంది. జలుబు చేసినప్పుడల్లా నోటి వైపునుంచి క్రిములు చేరి మళ్లీ లేస్తుంది."

"కాలర్ ఒరుసుకుని ఇలా అయిందా?"

"లేదు. కాలర్ వల్ల రాలేదు."

"కాలర్ వల్ల కనపడలేదు" అంది కాలరమ్మ, తనకి తానే చెప్పుకున్నట్టు.

డాక్టరమ్మ బొమ్మలో ఒక చిన్న వంపు గీత కలిపింది. ఇక్కడ, గడ్డం కింద, లాడం ఆకారంలో సన్నటి ఎముక ఉంటుందని, ఆ దారి దాన్ని అంటుకునే పోతుందని చెప్పింది. ఉబ్బు ఒక్కటే తీసేస్తే మళ్లీ రావడానికే ఎక్కువ అవకాశం. ఉబ్బు, దారి, ఆ ఎముక మధ్య ముక్క, అన్నీ కలిపి నాలుక మొదలుదాకా తీయాలి. ముందు స్కాన్ తీసి అసలు గ్రంథి తన చోట తను ఉందో లేదో చూసుకోవాలి. చీము పూర్తిగా ఆరాలి. ఈలోపు ఎవరూ పిండకూడదు, గాటు పెట్టకూడదు, మందులు ఆపకూడదు.

"ఎముక తీస్తే మాట పోతుందా అమ్మా?" గొంతు తగ్గించి అడిగింది కాలరమ్మ, పిల్లకి వినపడకుండా. పిల్ల వినేసింది.

"పోదు. కొన్నాళ్లు మింగేటప్పుడు నొప్పి ఉంటుంది, అంతే. ఉబ్బు ఇకపై ఎప్పటికీ రాదని మాత్రం ఒట్టు వేయలేను. ఇలా తీస్తే మళ్లీ రావడం చాలా అరుదు. ఒకసారి కోసి ఉన్నారు కాబట్టి లోపల అతుక్కుని ఉంటుంది. నాకు పని ఎక్కువవుతుంది, చేస్తాను."

ఒట్టు వేయనందుకే ఆ డాక్టరమ్మ మీద నమ్మకం కుదిరిందని కాలరమ్మ తర్వాత చెప్పింది. బట్ట కుంచించుకోదని ప్రమాణం చేసే దుకాణదారు దగ్గర ఆవిడ ఎప్పుడూ బట్ట కొనేది కాదు.

ఇంటికొచ్చి చెప్పగానే అత్తగారు లేచి నిలబడింది.

"మా వంశంలో ఎవరికీ గొంతు కోయించుకునే రాత లేదు. పైగా ఎముక తీస్తారా? ఎముక తీస్తే తల దేనిమీద నిలబడుతుందే? రేపు పిల్ల మాట పడిపోతే ఆ డాక్టరమ్మ వచ్చి మాట్లాడుతుందా దీని బదులు?"

"నా బదులు నువ్వు మాట్లాడుదువులే నానమ్మా" అంది పిచ్చుక.

"నోర్ముయ్. నీ మంచికే చెప్తున్నా."

కాలరమ్మ భర్త వైపు చూసింది. అతను చేతులు చూసుకుంటూ అన్నాడు. "ఇప్పుడు బాగానే జరుగుతోంది కదా. కాలర్ వేస్తే ఎవరికీ తెలియడం లేదు. ఇంకొన్నాళ్లు చూద్దాం."

అత్తగారి కేకలకన్నా ఆ మెత్తటి మాటే ఆవిడకి ఎక్కువ గుచ్చుకుంది. ఎందుకంటే అది నిజం. బాగానే జరుగుతోంది. అలా జరగడానికి కావలసినవన్నీ తన చేతులతోనే కుట్టింది.

ఆవిడ లేచింది. లోపలికి వెళ్లి పిల్ల గౌన్లన్నీ తెచ్చి వసారాలో కుప్ప పోసింది. బ్లేడు విరిచి, సగం ముక్క వేళ్ల మధ్య పట్టుకుని, మొదటి గౌను కాలర్ విప్పడం మొదలుపెట్టింది. ఒక కుట్టు తెంచడం, దారం లాగడం, ఇంకో కుట్టు తెంచడం. బట్ట ఎక్కడా చిరగలేదు. ఒక్కో కాలర్ ఊడి పక్కన పడుతుంటే అత్తగారు ఒక్కోటీ తీసి చూసింది.

"బంగారంలాంటి పని. ఎందుకే ఇలా పాడుచేస్తావు?"

"ఇవి ఉన్నన్నాళ్లూ మనం ఇంకొన్నాళ్లు చూద్దాం, ఇంకొన్నాళ్లు చూద్దాం అనే అంటాం అత్తయ్యా. చూసేది మాత్రం కాలర్నే. రోజూ ఎదురుగా కనపడితే అప్పుడు మాట్లాడుకుందాం ఏం చెయ్యాలో."

"బళ్లో పిల్లలు ఏడిపిస్తారు దాన్ని."

"ఏడిపించనీ. ఆ మెడ దానిదే, దాచుకోవాల్సిన దొంగసొత్తు కాదు."

చివరి కాలర్ ఊడేదాకా లేవలేదు. ఆ తర్వాత అన్నిటికీ గుండ్రంగా మెడ కత్తిరించి, సన్నటి పట్టీ వేసి కుట్టింది. చిల్లి మీద ఆసుపత్రిలో చెప్పినట్టు శుభ్రమైన గుడ్డ అతికించి, మర్నాడు పిల్లని అలాగే బడికి పంపింది. తను మాత్రం వీధి మలుపుదాకా వెనకాలే నడిచింది, పిల్లకి కనపడకుండా.

పిచ్చుకని అందరూ అడిగారు మెడకి ఏమైందని. ఒకరికి కోటు గుండీ మింగితే అక్కడ ఆగిపోయిందని చెప్పింది. ఇంకొకరికి అక్కడ ఇంకో నోరు మొలుస్తోందని, త్వరలో రెండు నోళ్లతో మాట్లాడతానని చెప్పింది. ఇది విని టీచరు దణ్ణం పెట్టేసిందట. పక్కన కూర్చునే పిల్ల మాత్రం నిజం చెప్పమంది. నిజం చెప్పింది. "నొప్పిగా ఉంటుందా?" అని అడిగి, ఆ పిల్ల తన ముక్కు మీది చెయ్యి తీసేసిందట.

ఇంట్లో ఇప్పుడు తింటున్నా, కూర్చున్నా, పిల్ల నవ్వినా ఆ మెడే కనిపించేది. డ్రైవరు పొద్దున బస్సెక్కే ముందు ఒకసారి చూసేవాడు, దిగి ఇంటికొచ్చాక ఒకసారి చూసేవాడు. ఒక రోజు ముద్ద కలుపుతూ ఆగిపోయి, "ఆ డాక్టరమ్మ ఎప్పుడు రమ్మంది?" అన్నాడు. అతని లెక్కలో అది పెద్ద ఉపన్యాసం.

మిగిలింది అత్తగారు. "నేనే వచ్చి అడుగుతాను ఆవిణ్ణి" అని బయల్దేరింది. ఆసుపత్రిలో కూర్చోకుండానే అడిగేసింది, ఎముక తీస్తే తల ఎలా నిలబడుతుందని. డాక్టరమ్మ నవ్వలేదు. అత్తగారి చేతినే తీసుకుని, ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ ఆవిడ గడ్డం కిందే పెట్టించింది.

"మెల్లగా అటూ ఇటూ కదపండి. కదులుతోందా?"

"కదులుతోంది."

"అదే ఆ ఎముక. తల దీనిమీద నిలబడదు. ఇది ఇంకే ఎముకకీ అతుక్కుని ఉండదు, కండరాల మధ్య వేలాడుతూ ఉంటుంది. మధ్య ముక్క తీసినా రెండు పక్కలా కండరాలు పట్టుకునే ఉంటాయి. పిల్ల తింటుంది, మాట్లాడుతుంది."

"నాకూ ఉందన్నమాట ఇది. ఇన్నేళ్లొచ్చాయి, ఒక్కరూ చెప్పలేదు" అంది అత్తగారు. బస్సులో ఇంటికొచ్చేదాకా తన గొంతు తనే కదుపుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత వీధిలో కనపడినవాళ్లందరి గొంతూ పట్టుకుని, "ఇదిగో, ఇక్కడ, లాడంలా ఉంటుంది" అని చూపించేది. నా గొంతు కూడా పట్టుకుంది. పట్టు గట్టిదే.

స్కాన్‌లో గ్రంథి ఉండాల్సిన చోటే ఉందని తేలింది. రోజు కుదిరింది. సరిగ్గా ముందు రోజు పిచ్చుక తుమ్మింది. జలుబు ఉంటే మత్తు ఇవ్వడం మంచిది కాదని, తగ్గి ఊపిరి తేటపడ్డాక రమ్మని వెనక్కి పంపారు. ఇంకో రోజు కుదిరింది, ఈసారి మెడ కాస్త ఎర్రబడింది. మళ్లీ మందులు, మళ్లీ వాయిదా. "వద్దని పైనుంచి చెప్తున్నారేమో" అని పక్కింటావిడ అనబోతే అత్తగారే అడ్డం పడింది. "పైనుంచి చెప్పదలుచుకున్నవాళ్లు జలుబు చేసి చెప్తారా? ఏమే, నువ్వు కాస్త దూరం జరిగి మాట్లాడు, పొద్దున్నుంచి దగ్గుతున్నావు."

కాలరమ్మ మొండికెత్తింది. దగ్గేవాళ్లనీ, ముక్కు చీదేవాళ్లనీ గుమ్మం బయటే నిలబెట్టి కొలతలు తీసుకుంది. టేపు పట్టుకున్న చెయ్యి చాచి, మొహం పక్కకి తిప్పి. ఒకాయన అలిగి వేరే కుట్టుపనివాడి దగ్గరికి పోయాడు. పోనిచ్చింది. పిల్ల చేతులు కడుగుతోందా లేదా అని అత్తగారు సబ్బు వాసన చూసి మరీ లోపలికి రానిచ్చేది. మెడ ఆరింది. చిల్లి చుట్టూ ఎరుపు పోయింది. డాక్టరమ్మ చూసి, సరే అంది.

ఆ రోజు ముగ్గురూ ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చున్నారు. డ్రైవరు కుడికాలు మధ్యమధ్యలో నేలని గట్టిగా నొక్కేది, ఎదురుగా ఏదో అడ్డం వచ్చినట్టు. అత్తగారు తన గడ్డం కింది ఎముకని తడుముకుంటూ కూర్చుంది. కాలరమ్మ చేతుల్లో పని లేదు. గుడ్డా సూదీ లేకుండా ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో ఒకదానిమీద ఒకటి మడిచిపెట్టుకుంది.

డాక్టరమ్మ వచ్చి మాస్కు దించింది.

"అయింది. పాత కోత చుట్టూ గట్టిపడి ఉంది, నెమ్మదిగా విడదీశాం. దారి నాలుక మొదలుదాకా వెళ్లింది. ఎముక ముక్కతో సహా మొత్తం తీశాం. తీసినదాన్ని పరీక్షకి పంపిస్తాం, అది మామూలుగా చేసేదే."

డ్రైవరు లేచి దణ్ణం పెట్టాడు. కాలరమ్మ కూడా లేచింది. ఆవిడ నోటినుంచి వచ్చిన మొదటి మాట విని అత్తగారు తల పట్టుకుంది.

"పైన ఏ కుట్టు వేశారండీ?"

డాక్టరమ్మ తన మెడ మీదే వేలితో గీసి చూపించింది. "లోపల పొరలు విడిగా కుట్టాం. పైది చర్మం అంచు లోపలే నడుస్తుంది, దారం బయటికి కనపడదు. మెడ మడత ఉన్నచోటే కోశాం, మడతలోనే కలిసిపోతుంది. పాత చిల్లి కూడా అందులోనే తీసేశాం."

"దాచుకుట్టు" అంది కాలరమ్మ. అని, అప్పుడు ఏడ్చింది.

పిచ్చుక కళ్లు తెరిచాక చాలాసేపు మాట్లాడలేదు. మెడ మీద కట్టు, పక్కనుంచి సన్నటి గొట్టం. అటూ ఇటూ చూస్తోంది, పెదాలు కదలడం లేదు. నానమ్మ మంచం పట్టీ పట్టుకుని నిలబడింది. డాక్టరమ్మ చెప్పింది, తనే వేళ్లతో చూసుకుంది, అయినా ఎముక ఎముకే కదా అని ఇంకా భయం. పిల్ల నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. బొంగురుగా, గాలిలా వచ్చింది మాట.

"నానమ్మా, కొంచెం జరుగు. కిటికీ కనపడట్లేదు."

నానమ్మ జరిగింది. కోడలి వైపు తిరిగి, "నోరు ఎక్కడికీ పోలేదు" అంది, పైటచెంగు కళ్లకి అడ్డం పెట్టుకుని.

కొన్నాళ్లు చల్లటి పాలూ, మెత్తటి తిండీ. మింగుతున్నప్పుడు మొహం చిట్లించేది, మాట్లాడుతున్నప్పుడు మాత్రం చిట్లించేది కాదు. పరీక్ష ఫలితం వచ్చింది, భయపడాల్సిందేమీ లేదు. కట్టు తీశారు. మెడ మడతలో ఎర్రటి గీత ఒకటి మిగిలింది, నెలలు గడిచేకొద్దీ పాలిపోయింది. విప్పేసిన ఆ కాలర్లని అత్తగారు పారేయనివ్వలేదు. పొయ్యి మీదినుంచి వేడి గిన్నెలు దించడానికి వాడుతోంది. లోపల సంచీ ఉండటం వల్ల వేళ్లు కాలవట, అంతకన్నా మంచి మసిగుడ్డ ఎక్కడా దొరకదంటుంది.

కాలరమ్మ ఇప్పటికీ కాలర్లు కుడుతుంది. మాస్టారి భుజం కింద మడత ఇప్పటికీ ఉంది, ఆయన కసరత్తు ఇంకా చేస్తూనే ఉన్నాడు. పిల్లల బట్టల దగ్గర మాత్రం పద్ధతి మారింది. ఒకావిడ చంటివాణ్ణి ఎత్తుకొచ్చి, కనుబొమ చివర చిన్న ఉండలాంటిది ఉందని, దాని మీదికి వాలేలా అంచు ఉన్న టోపీ కుట్టమంది.

"కుడతాను. ముందు పెద్దాసుపత్రి డాక్టరమ్మకి చూపించిరా తల్లీ. ఆవిడ ఏమందో చెప్పాక తల కొలత తీసుకుంటా."

"టోపీకి డాక్టరెందుకమ్మా?"

"ఎందుకో మా పిచ్చుక చెప్తుంది, కూర్చో. దానికి మాట్లాడటానికి మనిషి కావాలి" అంది కాలరమ్మ, మిషన్ తొక్కుతూ.

అసలు పరీక్ష ఆ తర్వాతి వానాకాలం వచ్చింది. ఆపరేషన్ అయ్యాక పిచ్చుకకి సరైన జలుబు అంతవరకు చేయలేదు. ఒక పొద్దున మిషన్ బాగుచేయడానికి నేను ఆ గదిలోనే ఉన్నాను. లోపలినుంచి తుమ్ము వినిపించింది, వెంటనే ఇంకొకటి. కాలరమ్మ చేతిలో కత్తెర ఆగింది. బస్సుకి బయల్దేరుతున్న డ్రైవరు చెప్పులు విడిచి వెనక్కి వచ్చాడు. అత్తగారు ఒక చేతిలో కాలర్ ముక్కతో పట్టుకున్న గిన్నె అలాగే పట్టుకుని వచ్చింది.

పిచ్చుక ముక్కు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. అందరూ తన మెడ వైపే చూస్తున్నారు. అంతకుముందు జలుబు చేసిన ప్రతిసారీ, సాయంత్రానికల్లా అక్కడ ఎరుపు కనిపించేది. ఆ సాయంత్రం ఎరుపు రాలేదు. మర్నాడు ముక్కు ఇంకా కారింది. ఆ మర్నాడు గొంతు గరగరలాడింది. మెడ మాత్రం చదునుగానే ఉంది.

జలుబు ముదిరి తగ్గుముఖం పట్టిన రోజు కాలరమ్మ కూతుర్ని వెలుతురులోకి తీసుకొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, మడతలోని ఆ సన్నటి గీతని బొటనవేలితో తడిమింది. మెత్తగా ఉంది, కింద ఏమీ తగల్లేదు.

"నాలుక చాపు."

పిచ్చుక చాపింది. ఎంతవరకు వస్తుందో అంతా చాపింది. మెడ మీద గీత అక్కడే ఉంది. ఏదీ లేవలేదు. ఏదీ కదల్లేదు. తల్లి చూసింది, తండ్రి వంగి చూశాడు, నానమ్మ కళ్లద్దాలు తెచ్చుకుని చూసింది. ఎవరూ చాలనలేదు కాబట్టి పిల్ల అలాగే నాలుక చాపుకుని, ఒక్కొక్కరి వైపూ తిరిగి, తీరిగ్గా అందరికీ చూపించింది.

"చూశాంలే, ఇక లోపల పెట్టు" అంది నానమ్మ.